ఎం.జి.బి. ఇంజను: 18జీబీ కిందిభాగం మేలా, 18వీ మేలా?

బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎం.జి.బి. ఇంజన్లలో 1965 నాటి 18జీబీ రకం ఒకటి, 1970ల నాటి 18వీ రకం ఒకటి విప్పి పెట్టుకున్నవాళ్లు అడిగేది ఒకటే: దేని కిందిభాగం (బ్లాకు, దానిలో కదిలే భాగాలు) ఉంచాలి, దేని హెడ్ (వాల్వులుండే పై మూత) ఎక్కించాలి? రెండూ 1798 సీసీలే, రెండింటికీ క్రాంకును మోసే మెయిన్ బేరింగులు ఐదే. ఏది ఎక్కడ పెట్టినా బిగించుకోవచ్చు, చిక్కంతా అందులోనే ఉంది.

నా దృష్టిలో తేల్చేది గడ్జన్ పిన్, అంటే పిస్టన్‌ను రాడ్డుకు కలిపే పిన్ను. 18జీబీ రాడ్డు పైకొనన ఉన్న చిన్న కంతలో కంచు బుష్ ఉంటుంది, పిన్ వదులుగా తిరుగుతుంది, పిస్టన్ గాడిలో కూర్చునే సర్‌క్లిప్‌లు (స్ప్రింగు రింగులు) దాన్ని పక్కకు పోనీయవు. 18వీలో బుష్ లేదు, సర్‌క్లిప్ గాడీ లేదు. రాడ్డే పిన్నును బిగబట్టి ఉంచుతుంది. బుష్ ఉన్న రాడ్డుకు గాడిలేని పిస్టన్ తగిలిస్తే పిన్నును ఆపేది ఏదీ ఉండదు. మెల్లగా పక్కకు జరిగి, బోరు (సిలిండరు రంధ్రం) గోడను పైనుంచి కిందకు గీరేస్తుంది. అది మళ్లీ రీబోరే, అంటే బోరును పెద్దగా తొలవడమే. కొత్త పిస్టన్ చేతికి రాగానే పిన్ కంత అంచున గోరు పెట్టి చూడండి, గాడి ఉంటే తెలిసిపోతుంది.

అందుకే నా మొగ్గు 18జీబీ కిందిభాగం మొత్తానికి: క్రాంకు, రాడ్లు, పిస్టన్లు, పిన్లు ఒకే జట్టుగా. రాడ్లు కాస్త బరువే, కానీ పిన్నును చేత్తో తీసి మళ్లీ పెట్టుకోవచ్చు. 18వీ అయితే రాడ్డు కంతను వేడిచేసి ఒక్క ఊపులో నడిమికి తోయాలి. మధ్యలో పట్టేస్తే పిస్టన్ పోయినట్టే.

పైన పెద్ద ఇన్‌లెట్ వాల్వుల 18వీ హెడ్ పెట్టండి. 2, 3 సిలిండర్ల ఎగ్జాస్టుకు రంధ్రం ఒకటే కాబట్టి ఆ నడిమి భాగం బాగా వేడెక్కుతుంది. గట్టి వాల్వు సీట్లకు డబ్బు పెట్టేముందే అక్కడ పగులు పరీక్ష చేయించాలి. తర్వాత లెక్క. సిలిండరుకు 449.5 సీసీ, 9:1 కంప్రెషన్ (సిలిండర్లో గాలి-పెట్రోలు కుదించే నిష్పత్తి) కావాలంటే పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు 56 సీసీ, 8:1కి 64. పాత కొలతలు నమ్మకుండా బ్యూరెట్‌తో (కొలత గీతలున్న గాజు గొట్టంతో) కొలవండి. రీబోరు చేస్తే ఈ లెక్క మారుతుంది.

18వీ కిందిభాగం మీద పాత హెడ్ పెట్టేవాళ్లు ఒకటి చూసుకోవాలి. చివరి 18వీ బ్లాకుల్లో ఎగ్జాస్ట్ వాల్వుల కింద తొలిచిన గుంటలు ఉండవు, వాల్వు బ్లాకును కొట్టొచ్చు. మెత్తటి మట్టి ముద్ద పెట్టి, గాస్కెట్‌తో బిగించి, క్రాంకు చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పండి. మట్టి 1.5 మి.మీ. కన్నా పలచబడితే బ్లాకు తొలవాల్సిందే.

గేర్‌బాక్స్ మారిస్తే స్పిగట్ బుష్ (గేర్‌బాక్స్ షాఫ్టు కొనను క్రాంకులో నిలిపేది), వెనుక ప్లేటు, ఫ్లైవీల్, స్టార్టరు కలిపే మార్చాలి. మూడు బేరింగుల పాత 18జీ సంగతి వేరు, దాని క్రాంకు వీటిలో పట్టదు. మన అంబాసిడర్ 1489 సీసీ ఇంజనూ ఇదే బి-సిరీస్ ఇంజన్ల కుటుంబమే, కానీ ఎం.జి.బి.కి ముందు వచ్చిన ఎం.జి.ఎ. 1500 కారు ఇంజనుకు చుట్టం. 73 మి.మీ. బోరు, మూడు బేరింగులు కాబట్టి దాని పిస్టన్లు, క్రాంకు 80.26 మి.మీ. బోరున్న ఎం.జి.బి.కి పనికిరావు.