సోలార్ ఇంటికి లిథియం బ్యాటరీ: విశాఖలో కొనేముందు చూసుకోవాల్సినవి

డాబా మీద సోలార్ ప్యానెళ్లు ఉన్నా వీధిలో కరెంటు పోతే ఇంట్లోనూ పోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. గ్రిడ్‌కి కలిపిన మామూలు ఇన్వర్టర్, లైన్లో కరెంటు లేదని తెలిసిన వెంటనే ఆగిపోవాలి. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కాపాడే ఏర్పాటు అది, దాన్ని తప్పించడానికి లేదు. 2024 ఫిబ్రవరిలో ఇంటి సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక ప్యానెళ్లు పెట్టించుకున్న ఇళ్ళలో చాలావాటికి ఈ సంగతి మొదటి కోతలోనే తెలిసొస్తుంది. బ్యాటరీ కోసం వాకబు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈ రివ్యూ 3 నుంచి 5 కిలోవాట్ల ప్యానెళ్లున్న ఇంటికి డీలర్లు సాధారణంగా చూపించే సెట్టు గురించి: 5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ హైబ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్లు, గ్రిడ్, బ్యాటరీ మూడింటినీ కలిపి నడిపేది), గోడకు తగిలించే 51.2 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి. ముందే తేల్చి చెప్పాలంటే, కరెంటు కోతలకీ తుఫాను రోజులకీ ఇది మంచి సరుకు. నెట్ మీటర్ (గ్రిడ్‌కి పంపిన యూనిట్లను వాడిన యూనిట్లకి చెల్లు వేసే మీటర్) ఉన్న ఇంట్లో బిల్లు ఇంకా తగ్గుతుందని కొంటే మాత్రం డబ్బు దండగ. కొన్నాక అది ఎలా పనిచేస్తుందన్నది డబ్బా మీద రాసిన కంపెనీ పేరుకన్నా వైరింగు మీద, తగిలించిన చోటు మీద ఎక్కువ ఆధారపడుతుంది.

ముందు లెక్క. ఒక్కొక్కటి 3.2 వోల్టుల సెల్స్ 16 వరసగా కలిపితే 51.2 వోల్టులు. దాన్ని 100 ఏహెచ్‌తో గుణిస్తే 5,120 వాట్ అవర్లు, అంటే 5.12 యూనిట్లు. ఇందులో 90 శాతం వాడుకోనిస్తే 4.6. ఇన్వర్టర్‌లో పోయేది పోగా ప్లగ్గు దగ్గర చేతికొచ్చేది 4.2 యూనిట్ల లెక్కన పెట్టుకోండి. డీలర్ చెప్పే గంటలు దాదాపు ఎప్పుడూ 5.12 మీద వేసిన లెక్కే. పైగా హైబ్రిడ్ ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉండడానికే 50 వాట్ల దాకా తింటుంది. అంటే రాత్రి 12 గంటల్లో 0.6 యూనిట్లు దానికే పోతాయి. ఈ అంకె ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది, డేటాషీట్‌లో ఉంటుంది, అడిగి చూడండి.

మూడు మామూలు ఫ్యాన్లు 225 వాట్లు, ఫ్రిజ్ సగటున 60, లైట్లూ వైఫై రౌటరూ కలిపి 55, ఇన్వర్టర్ సొంత ఖర్చు 50. మొత్తం 390 వాట్లు. ఈ లోడు మీద పది గంటల పైన నడుస్తుంది, రాత్రి గడిచిపోతుంది. ఫ్యాన్లను తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకంవి చేస్తే మొత్తం 255కి దిగి, అదే బ్యాటరీ 16 గంటలు వస్తుంది. రెండో బ్యాటరీ కొనే ముందు ఫ్యాన్లు మార్చడం ఎంతో చవక. టన్నున్నర ఏసీ వేస్తే నాలుగైదు గంటలు, అదీ ఇన్వర్టర్ ఏసీ అయితే, గది ఒకసారి చల్లబడ్డాక. రాత్రంతా ఏసీ కావాలనుకుంటే ఒక్క బ్యాటరీ చాలదు, కనీసం రెండు. పాత పద్ధతిలో 150 ఏహెచ్ ట్యూబులర్ సీసం బ్యాటరీలు రెండు పెడితే కాగితం మీద 3.6 యూనిట్లు కనిపిస్తాయి గానీ, అవి నాలుగు కాలాలు మన్నాలంటే సగానికి మించి దించకూడదు. చేతికొచ్చేది 1.8. డిస్టిల్డ్ వాటర్ పోసే పని అదనం.

డేటాషీట్‌లో చూడాల్సిన అంకె ఇంకొకటుంది, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు: కంటిన్యూయస్ డిశ్చార్జ్ కరెంట్, అంటే బ్యాటరీ ఆగకుండా ఇవ్వగల కరెంటు. ఒకే 100 ఏహెచ్ బ్యాటరీల్లో కొన్ని 100 ఆంపియర్లు ఇస్తాయి, కొన్ని 50కే ఆగుతాయి. 50 ఆంపియర్లంటే సుమారు 2.5 కిలోవాట్లు. ఇన్వర్టర్ మీద 5 కిలోవాట్లని రాసి ఉన్నా కరెంటు పోయినప్పుడు సగమే దొరుకుతుంది. ఏసీ నడుస్తుండగా ఒక హెచ్‌పీ మోటారు వేశారనుకోండి, మొదలయ్యే క్షణంలో మోటారు మామూలుకి ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. బ్యాటరీలోని బీఎంఎస్ (సెల్స్‌ని కనిపెట్టుకుని ఉండే కంట్రోల్ బోర్డు) బ్యాటరీని కాపాడుకోవడానికి కట్ చేస్తుంది. ఇల్లంతా చీకటి. ఇన్వర్టర్ పాడైందని ఫిర్యాదు వెళ్తుంది, నిజానికి పాడైంది ఏదీ లేదు. మోటారును బ్యాకప్ నుంచి తీసేయడమే దీనికి మందు.

అందుకే బ్యాకప్ డీబీ (ఎంసీబీలుండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) వేరుగా పెట్టించాలి. హైబ్రిడ్ ఇన్వర్టర్‌కి గ్రిడ్ వైపు ఒక కొస, బ్యాకప్ వైపు ఇంకో కొస ఉంటాయి. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, వైఫై, ఒక పడకగది ఏసీ బ్యాకప్ వైపు. గీజర్, మోటారు, ఇండక్షన్ స్టవ్, మిగతా ఏసీలు గ్రిడ్ వైపు. ఫేజు విడదీయడం ఏ ఎలక్ట్రీషియన్‌కైనా వస్తుంది. పని చెడేది న్యూట్రల్ దగ్గర. పాత ఇళ్ళలో అన్ని గదుల న్యూట్రల్ తీగలూ ఒకే లింకులో బిగించి ఉంటాయి. బ్యాకప్ సర్క్యూట్ల న్యూట్రల్‌ని కూడా అందులోంచి విడదీసి బ్యాకప్ డీబీలోకి తేకపోతే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఊరికే పడిపోతుంటుంది. ఎలక్ట్రీషియన్ విసిగి ఆర్‌సీసీబీనే తీసేస్తానంటాడు. ఒప్పుకోకండి. అది తప్పుని చూపిస్తోంది, తప్పు వైరింగులో ఉంది.

దీనితోపాటే ఇంకో ప్రమాదం. గ్రిడ్ ఉన్నంతసేపూ న్యూట్రల్‌కి ఎర్తు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దొరుకుతుంది. గ్రిడ్ పోగానే ఇన్వర్టర్ తీగ తెంచుకుని సొంతంగా నడుస్తుంది కాబట్టి, బ్యాకప్ న్యూట్రల్ దేనికీ అంటని తీగలా మిగిలిపోతుంది. అప్పుడు టెస్టర్ పెడితే న్యూట్రల్లోనూ వెలుగుతుంది, లీకేజీ ఉన్నా ఆర్‌సీసీబీ పడదు. చాలా హైబ్రిడ్లలో బ్యాకప్‌లోకి మారినప్పుడు న్యూట్రల్‌ని ఎర్తుకి కలిపే రిలే ఉంటుంది, లేదా బయట పెట్టుకునే వీలుంటుంది. బిగించినవారి చేత దాన్ని చూపించమనండి. అప్పగించే రోజు మెయిన్ స్విచ్ దించి, బ్యాకప్ మీద ఉండగా ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కాలి. ఆ తర్వాత లీకేజీ టెస్టర్‌తో ఒక ప్లగ్గు దగ్గర కూడా చూడమనాలి, ఎందుకంటే బటన్ పరికరాన్ని మాత్రమే పరీక్షిస్తుంది, ఎర్తును కాదు.

ఇక చోటు. విశాఖలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. కిర్లంపూడి లేఅవుట్, లాసన్స్ బే, సాగర్ నగర్, రుషికొండ వైపు ఉప్పుగాలి దేన్నీ వదలదు. బ్యాటరీ మీద ఐపీ65 అని రాసి ఉన్నా, ఆ రక్షణ నీటిచుక్కకీ దుమ్ముకీ. బయటికి పెట్టిన టెర్మినల్‌కీ, తీగ కొసకి బిగించే లోహపు లగ్గుకీ తుప్పు నుంచి రక్షణ దానివల్ల రాదు. రాగి తీగకి అల్యూమినియం లగ్గు వేసిన సెట్టు ఈ గాలిలో నెలల్లోనే చెడుతుంది: లగ్గు చుట్టూ తెల్లటి పొడి, రాగి పోగుల మీద పచ్చటి చిలుము, చెయ్యి దగ్గరగా పెడితే వేడి. టిన్ పూత ఉన్న రాగి లగ్గులు వాడాలి, హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కాలి, సుత్తితో కొట్టకూడదు. పైన హీట్ ష్రింక్ స్లీవ్. 5 కిలోవాట్లు 48 వోల్టుల మీద లాగితే 100 ఆంపియర్లు దాటుతుంది, కాబట్టి బ్యాటరీ కేబుల్ 35 చదరపు మిల్లీమీటర్ల రాగి, మధ్యలో 125 ఆంపియర్ల డీసీ ఫ్యూజ్. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీని ఇక్కడ పెట్టడం చూస్తే పని ఆపించండి. డీసీలో పుట్టిన మంట దానికి ఆరదు.

సముద్రం వైపు గోడ వద్దు, పడమటి ఎండ తగిలే గోడా వద్దు. మేడ మీద రేకుల గదిలో అయితే మే నెలలో వేడి 45 డిగ్రీలు దాటుతుంది. అక్కడ బీఎంఎస్ ఛార్జింగ్ తగ్గిస్తుంది లేదా ఆపేస్తుంది, సెల్స్ ఆయుష్షు కూడా తరుగుతుంది. కారు పార్కింగ్‌లో పెడితే వాననీరు ఎంత ఎత్తు వస్తుందో చూసి, దానికి పైన. లోపలి వరండా, మెట్ల కింద గాలాడే చోటు మేలు. బరువు 45 నుంచి 50 కిలోలు. తొమ్మిదంగుళాల ఇటుక గోడకి యాంకర్ బోల్టులు పడతాయి, నాలుగున్నర అంగుళాల అడ్డుగోడకీ తేలిక బ్లాకుల గోడకీ నమ్మి తగిలించకూడదు. ఫ్లోర్ స్టాండ్ అడగండి. పోర్టు చుట్టుపక్కల, పాతనగరం వైపు ఇళ్ళకి ఇంకో పని ఉంది: ఇన్వర్టర్ ఫ్యాన్ జాలీకి నల్లదుమ్ము పట్టేస్తుంది. రెండు నెలలకోసారి ఆపి బ్రష్‌తో దులపాలి.

బిగించాక సెట్టింగులు. బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య చిన్న కమ్యూనికేషన్ కేబుల్ ఉంటుంది. చూడ్డానికి ఇంటర్నెట్ కేబుల్‌లాగే ఉంటుంది గానీ లోపల తీగల వరస కంపెనీని బట్టి మారుతుంది. బజార్లో కొన్న ల్యాన్ కేబుల్ పెడితే దిగుతుంది, మాట్లాడదు. మాట్లాడకపోతే ఇన్వర్టర్ వోల్టేజీ చూసి శాతం ఊహిస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో 80 శాతం దగ్గరా 30 శాతం దగ్గరా వోల్టేజీ దాదాపు ఒకటే కాబట్టి ఆ ఊహ అస్సలు నమ్మదగింది కాదు. తెర మీద 40 శాతం చూపిస్తూనే ఆగిపోయే బ్యాటరీల్లో చాలావరకు ఇదే జబ్బు. మెనూలో బ్యాటరీ రకం 'లిథియం', ఆ బ్యాటరీకి సరిపడే ప్రోటోకాల్ (రెండూ మాట్లాడుకునే పద్ధతి) ఎంచి ఉండాలి. కేబుల్ కుదరని పక్షంలో ఛార్జింగ్ 56 నుంచి 56.8 వోల్టులు, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ) 54, దిగువ కట్ 48, ఈక్వలైజేషన్ (అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజీతో నింపడం) పూర్తిగా ఆఫ్. ఈక్వలైజేషన్ సీసం బ్యాటరీల కోసం, లిథియంకి అది హాని.

తెర మీద ఛార్జ్ 92 శాతం నుంచి ఒక్కసారిగా 100కి ఎగబాకడం కూడా తరచు వినే ఫిర్యాదే. 16 సెల్స్‌లో ఒకటి మిగతావాటికన్నా ముందు 3.65 వోల్టులు తాకితే బీఎంఎస్ మొత్తం ఛార్జింగ్ ఆపి, నిండిందని చెప్పేస్తుంది. సెల్స్‌ని సమానం చేసే సర్క్యూట్ చాలా చిన్నది, అదీ పైకొనలో మాత్రమే పనిచేస్తుంది. రోజూ 80 దగ్గరే ఆపే ఇళ్ళలో తేడా పేరుకుపోతుంది. రెండు మూడు వారాలకోసారి పూర్తిగా నింపి, కొన్ని గంటలు అలాగే ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. నెల తర్వాత కూడా సెల్స్ మధ్య తేడా తగ్గకపోతే అది వారంటీ విషయం.

డబ్బు దగ్గరికొద్దాం. 2022-23 టారిఫ్ ప్రకారం గృహ స్లాబుల్లో 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, 400 దాటితే 9.75. బ్యాటరీని రోజూ నింపి రోజూ ఖాళీ చేసి, 4.2 యూనిట్లూ పై స్లాబులోనే మిగిల్చారనుకుందాం. రోజుకి 41 రూపాయలు, ఏడాదికి 15 వేలకి కాస్త తక్కువ. 6 రూపాయల స్లాబులో 9,200. ఇది కూడా నెట్ మీటర్ లేని ఇంటి లెక్క. నెట్ మీటర్ ఉంటే పగలు పంపిన యూనిట్ రాత్రి వాడిన యూనిట్‌కి చెల్లు అవుతుంది కాబట్టి మిగిలేది దాదాపు సున్నా, పైగా బ్యాటరీలోకి పోసి తీయడంలో పదో వంతు పోతుంది. పీఎం సూర్యఘర్ సబ్సిడీ కూడా ప్యానెళ్ల కెపాసిటీని బట్టే: 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కి 30 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన 78 వేలు. బ్యాటరీకి అందులో వేరే వాటా లేదు. ఎవరైనా బ్యాటరీకి సబ్సిడీ ఇప్పిస్తామంటే కొటేషన్‌లో రాసిమ్మనండి. ఇంట్లో పెద్దవాళ్ళకి ఆక్సిజన్ మిషన్ ఉన్నా, ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నా ఈ లెక్కలతో పని లేదు. అక్కడ కరెంటు ఆగకపోవడమే విలువ.

తుఫాను సంగతి వేరే చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నగరం మీద తీరం దాటాక చాలా కాలనీలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి రోజుల్లో 5 యూనిట్ల బ్యాటరీ ఒక్క రాత్రిది, మర్నాడు ప్యానెళ్లు దాన్ని నింపగలిగితేనే రెండో రాత్రి. మామూలు రోజుల్లో 3 కిలోవాట్ల ప్యానెళ్లు సగటున 12 యూనిట్లిస్తాయి, మబ్బు దట్టంగా కమ్మిన రోజు అందులో నాలుగో వంతు కూడా రాకపోవచ్చు. హెచ్చరిక వచ్చిన రోజే రాత్రిపూట బ్యాటరీ వాడే మోడ్ ఆపేసి, గ్రిడ్ నుంచి ఛార్జింగ్ ఆన్ చేసి 100కి నింపండి. ట్యాంకు నింపుకోండి. కోత మొదలయ్యాక 20 శాతం దగ్గర ఆగేలా పెట్టండి. ఇది మరీ ముఖ్యం: బ్యాటరీ పూర్తిగా దిగి బీఎంఎస్ నిద్రలోకి పోతే, కొన్ని ఇన్వర్టర్లు ఎండొచ్చినా తమంతట తాము లేవవు. వాటిని లేపడానికి బ్యాటరీలోనో గ్రిడ్‌లోనో కాస్త కరెంటు ఉండాలి. రెండూ లేకపోతే ప్యానెళ్లు ఉండి కూడా చీకటే. కొనేముందు డీలర్‌ని ఈ ప్రశ్న అడగండి, చేసి చూపించమనండి.

గాలి తగ్గాక తొందరపడి డీసీ ఐసోలేటర్ (ప్యానెళ్ల వైపు స్విచ్) ఎత్తొద్దు. క్లాంపులు, పగిలిన అద్దాలు, ఒరుసుకుపోయిన కేబుళ్లు చూసుకోవాలి. తెర మీద ఐసొలేషన్ ఫాల్ట్ అని వస్తే కనెక్టర్‌లోకి నీళ్ళు దిగాయనో, తీగ తొడుగు తెగిందనో అర్థం. మళ్ళీమళ్ళీ రీసెట్ కొట్టి నడిపించడం ప్రమాదం. ఆరనిచ్చి, స్ట్రింగులు (వరసగా కలిపిన ప్యానెళ్ల గుంపులు) ఒక్కొక్కటిగా కొలిపించాలి.

చివరిగా వారంటీ కాగితం. 'పదేళ్ళు' అని పెద్ద అక్షరాలు, కింద 'లేదా ఇన్ని సైకిళ్లు, ఏది ముందైతే అది' అని చిన్న అక్షరాలు. ఒకసారి నింపి ఖాళీ చేస్తే ఒక సైకిల్. ఎంత కెపాసిటీ మిగలాలో కూడా అందులోనే ఉంటుంది. బ్యాటరీ మార్చాల్సివస్తే రవాణా ఖర్చు ఎవరిదో రాయించుకోండి. లిథియం బ్యాటరీ ప్రమాదకర సరుకు కిందికి వస్తుంది, మామూలు కొరియర్లు ముట్టుకోవు, సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లో ఉంటే ఆ భారం మీ మీదే పడొచ్చు. సీరియల్ నంబరు మొదటి వారంలోనే కంపెనీ యాప్‌లో నమోదు చేసి, ఇన్వర్టర్‌కి తగిలించే వైఫై డాంగిల్‌ని 2.4 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌కి కలిపి ఉంచండి. క్లెయిమ్ వేసినప్పుడు కంపెనీవాళ్ళు ముందు అడిగేది ఆ లాగ్‌లే.