పార్క్ రో కంటే ఆర్చర్డ్ స్ట్రీట్ నయం: పాత న్యూయార్క్ పేపర్ల వెంట తిరిగితే

న్యూయార్క్‌లో 1890ల నాటి పేపర్ల జాడ చూద్దామనుకునేవాళ్ళు ముందుగా వెళ్ళేది పార్క్ రోకే. మేమూ అక్కడే మొదలుపెట్టాం. సిటీ హాల్ పక్కనున్న ఈ చిన్న వీధిలో ఒకప్పుడు వరల్డ్, ట్రిబ్యూన్, టైమ్స్, సన్ పత్రికల ఆఫీసులు పక్కపక్కనే ఉండేవి. ఇప్పుడక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. జోసెఫ్ పులిట్జర్ 1890లో బంగారు రంగు గుమ్మటంతో కట్టించిన వరల్డ్ భవనం ఆ రోజుల్లో ఊరు మొత్తానికీ ఎత్తైనది. బ్రూక్లిన్ బ్రిడ్జి ఎక్కే దారి వెడల్పు చేయడానికి దాన్ని 1955లో కూల్చేశారు. 41 నంబర్‌లో టైమ్స్ పాత భవనం మాత్రం ఉంది, అది పేస్ యూనివర్సిటీది. దగ్గర్లోనే చేతిలో పేపర్ పట్టుకున్న ఫ్రాంక్లిన్ విగ్రహం ఉంది. అరగంట చాలు.

అక్కడ డబ్బులిచ్చి గైడెడ్ వాక్ తీసుకోవడం మాత్రం దండగ. పులిట్జర్‌కి పోటీగా జర్నల్ పేపర్ నడిపిన హర్స్ట్, క్యూబాలోని తన చిత్రకారుడికి "నువ్వు బొమ్మలు పంపు, యుద్ధం సంగతి నేను చూసుకుంటా" అని టెలిగ్రాం కొట్టాడన్న కథని మా గైడ్ నిజమన్నట్టే చెప్పాడు. ఆ టెలిగ్రాం ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. ఇంకో విలేకరి 1901లో రాసిన పుస్తకం నుంచి పుట్టిన కథ అది, హర్స్ట్ కూడా కాదన్నాడు. పోనీ, అదే చోట జరిగిన అసలు కథ ఒకటుంది కదా, అదైనా చెప్పాడా అంటే లేదు. పేపర్లమ్మే పిల్లలు వంద కాపీలు 50 సెంట్లకి కొని, ఒక్కోటి సెంటుకి అమ్ముకునేవాళ్ళు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చి పేపర్లు విపరీతంగా అమ్ముడవుతుంటే వందకి 60 సెంట్లు చేశారు. యుద్ధం అయిపోయినా పులిట్జర్, హర్స్ట్ ఇద్దరూ ఆ రేటు దించలేదు. 1899 జులైలో పిల్లలు సమ్మెకి దిగారు. రేటైతే తగ్గలేదు గానీ, అమ్ముడవని కాపీలు వెనక్కి తీసుకోవడానికి యజమానులు ఒప్పుకోవాల్సి వచ్చింది. మిగిలిపోయిన కాపీల నష్టం అంతకుముందు ఆ పిల్లల నెత్తిమీదే పడేది.

బస విషయానికొస్తే, మాన్‌హట్టన్ హోటళ్ళ జోలికి పోకండి. సైట్‌లో చూపించిన రేటు ఒకటి, చెకౌట్‌లో "ఫెసిలిటీ ఫీ" కలిపాక వచ్చిన బిల్లు ఇంకొకటి. ఒక రాత్రి అలా గడిపాక హడ్సన్ నది అవతల జెర్సీ సిటీలోని జర్నల్ స్క్వేర్‌కి మారిపోయాం. పాత్ (PATH) రైలెక్కితే నది దాటి వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో దిగొచ్చు, అక్కణ్ణుంచి పార్క్ రో నడక దూరమే. ఇంకో లైన్ 33వ వీధికి, అంటే హెరాల్డ్ స్క్వేర్‌కి తీసుకెళ్తుంది. ఆ స్క్వేర్‌కీ పేపర్ పేరే, హెరాల్డ్ ఆఫీసు అక్కడ ఉండేది కాబట్టి. జర్నల్ స్క్వేర్‌కి పేరొచ్చింది కూడా జెర్సీ జర్నల్ వల్లే. ఆ పేపర్ 2025లో అచ్చు ఆపేసింది. న్యూఆర్క్ ఎవెన్యూలో ఇండియా స్క్వేర్ ఉండటంతో దోశకీ, పప్పన్నానికీ ఇబ్బంది లేదు. రాత్రంతా రైళ్ళుంటాయి కాబట్టి ఎంత ఆలస్యమైనా టెన్షన్ లేదు.

ఇక అసలు చూడాల్సింది, ఆ రోజుల్లో పేపర్లకెక్కిన పేదల ఇళ్ళు ఎలా ఉండేవో చూపించే చోటు, లోయర్ ఈస్ట్ సైడ్‌లో 97 ఆర్చర్డ్ స్ట్రీట్. అదే టెనెమెంట్ మ్యూజియం. 1863లో కట్టిన ఈ అద్దె ఇళ్ళ భవనాన్ని 1935లో మూసేశారు, తర్వాత దశాబ్దాల పాటు పైఅంతస్తులు అలాగే ఉండిపోయాయి. ఒక్కో ఇంటికి మూడు చిన్న గదులు, అందులో వీధి వైపు గదికే సరైన వెలుతురు. లోపలి గోడకి ఒక కిటికీ ఉంది, అది తెరిస్తే కనిపించేది బయట కాదు, పక్క గది! చీకటి గదుల్లోకి కాస్త గాలీ వెలుతురూ రావడానికి తర్వాత కోయించిన కిటికీ అది. ఒకచోట గోడ ఊడి, ఒకదాని మీద ఒకటి అంటించిన వాల్‌పేపర్ పొరలు అంచుల్లో కనబడుతున్నాయి. కొత్తగా అద్దెకి దిగిన ప్రతివాళ్ళూ పాతది పీకకుండా పైన అంటించేసుకున్నారన్నమాట. మొదట్లో మరుగుదొడ్లు వెనక పెరట్లోనే ఉండేవి. గైడ్ మాటలు తూచినట్టున్నాయి, పిల్లలు అడిగిన ప్రశ్నలకి కూడా ఓపిగ్గా జవాబిచ్చింది. టికెట్ ఖరీదే, కానీ ఇవ్వొచ్చు. టూర్‌లో తప్ప విడిగా లోపలికి పంపరు, శని ఆదివారాల స్లాట్లు ముందే అయిపోతాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తుంటే మెట్లెక్కక్కర్లేని టూర్ ఏదో ముందే అడగండి.

అక్కణ్ణుంచి చైనాటౌన్‌లోని కొలంబస్ పార్క్‌కి నడిచి వెళ్ళాం. జేకబ్ రీస్ అనే పోలీస్ రిపోర్టర్ మెగ్నీషియం మందు వెలిగించి, ఆ మెరుపులో చీకటి కొంపల ఫొటోలు తీసి 1890లో పుస్తకం వేశాడు. ఆయన వదలకుండా రాసిన మల్బరీ బెండ్ మురికివాడ ఇదే. దాన్ని కూలగొట్టి 1897లో పార్క్ తెరిచారు. ఇప్పుడు చైనా తాతలు బల్లల చుట్టూ మూగి తమ చదరంగం ఆడుకుంటున్నారు. అక్కణ్ణుంచి లేపిన జనం ఎక్కడికి పోయారో చెప్పే బోర్డు మాకైతే కనబడలేదు.

రూజ్‌వెల్ట్ ఐలండ్‌కి ట్రామ్‌లో వెళ్ళండి. తాడు మీద ఈస్ట్ రివర్ దాటే ఆ బండికి సబ్‌వే టికెట్ డబ్బులే, కింద లాంచీ టూర్లకయ్యే ఖర్చుతో పోలిస్తే ఏమీ కాదు. ద్వీపంలో తిరిగే ఎర్ర బస్సు ఉచితం. అప్పట్లో దీని పేరు బ్లాక్‌వెల్స్ ఐలండ్. 1887లో నెల్లీ బ్లై అనే విలేకరి పిచ్చిదానిలా నటించి ఇక్కడి పిచ్చాసుపత్రిలో పది రోజులుండి, బయటికొచ్చాక అక్కడి చన్నీళ్ళ స్నానాలూ దెబ్బలూ వరల్డ్‌లో రాసేసింది. ఆసుపత్రి తాలూకు ఎనిమిది పలకల భవనం ఇప్పుడు ఖరీదైన అపార్ట్‌మెంట్ల ముఖద్వారం. ముందు జిమ్ బ్యాగులతో జనం వచ్చిపోతున్నారు. ఉత్తరపు కొసన, లైట్‌హౌస్ దగ్గర, 2021లో పెట్టిన పెద్ద పెద్ద ఆడవాళ్ళ కంచు ముఖాలున్నాయి. వాటిలో నెల్లీది వెండి రంగు. అతుకులు కనబడేలా పోత పోశారు, దగ్గరికెళ్ళి చూడాలి. గాలి జోరు ఎక్కువ, స్వెటర్ ఉండాల్సిందే.

లిబర్టీ విగ్రహం అందరూ చూసేదే, రెండు ముక్కలు చాలు. దిమ్మెకి డబ్బు చాలక పని ఆగిపోతే 1885లో పులిట్జర్ తన పేపర్లో చందాలడిగాడు. లక్ష డాలర్లు దాటి వచ్చాయి, ఇచ్చింది లక్షా ఇరవై వేల మందికి పైగా, ఎక్కువమంది ఒక డాలర్ కూడా ఇవ్వలేదు. మన గుడి మెట్ల మీద దాతల పేర్లు చెక్కించినట్టు, పైసలిచ్చినవాళ్ళ పేర్లన్నీ పేపర్లో అచ్చేశాడు. పేరు చూసుకోవడానికైనా పేపర్ కొంటారు కదా, గడుసువాడే! దిమ్మె లోపలికి వెళ్ళాలంటే ఆ టికెట్ వేరే, ముందే బుక్ చేసుకోవాలి. జెర్సీ సిటీలో బస చేస్తే లిబర్టీ స్టేట్ పార్క్ నుంచే ఫెర్రీ ఎక్కండి. మేమెళ్ళిన పొద్దున అక్కడ క్యూ లేనేలేదు.