కథ పంపాక ఏమవుతుంది? పత్రికల సర్వీసుకి నా మార్కులు

కథ వేసుకున్నారా లేదా అన్నదాన్ని బట్టి ఈ మార్కులు వెయ్యడం లేదు. మెయిల్ అందిన దగ్గర్నుంచి ఏదో ఒకటి తేలేదాకా రాసినవాళ్లని ఎలా చూసుకున్నారన్నదే నా లెక్క. నాది పాలకొండ, హైస్కూల్లో బయాలజీ చెప్తాను. కథలు రాసుకునేది వేసవి సెలవుల్లో. మిగతా ఏడాదంతా పంపడం, ఎదురుచూడడం.

ముందు ఆదివారం అనుబంధాలు. కోవిడ్ రోజుల్లో విపుల, చతుర మాసపత్రికలు కూడా ఆగిపోయాక, అచ్చులో కథకి చోటు బాగా తగ్గింది. దాంతో ఈ అనుబంధాలకి తాకిడి ఎక్కువ. కథతోపాటు హామీపత్రం జతచెయ్యాలి: ఇది నా సొంతం, అనువాదం కాదు, అనుకరణ కాదు, ఎక్కడా అచ్చవలేదు, ఇంకెవరి పరిశీలనలోనూ లేదు. మనం ఇన్ని హామీలిస్తే, అటునుంచి వచ్చేది చాలాసార్లు ఆటోమేటిక్ జవాబు ఒకటి. అదీ వస్తే.

ఒక అనుబంధంలో నా కథ పడింది. ఆర్టీసీ లేడీ కండక్టర్ కథ. పడుతోందని నాకెవరూ చెప్పలేదు. ఆదివారం పొద్దున్నే మా హెడ్మాస్టారు ఫోన్ చేసి "ఏటి మేడమ్, పేపర్లో మీ పేరుంది" అంటే తెలిసింది. తీరా చూస్తే బొమ్మలో కండక్టర్‌కి మీసాలు! ఆడమనిషి ఉందిగానీ కిటికీ పక్కన కూర్చుని టికెట్ తీసుకుంటోంది. కథ చదవకుండా బొమ్మ ఎలా వేస్తారో నాకు అర్థం కాదు. చివరి పేరా ఎగిరిపోయింది, దాని కింద మోకాళ్ల నొప్పుల నూనె ప్రకటన మాత్రం నిండుగా ఉంది. యూనికోడ్‌లో పంపినదాన్ని అచ్చుపేజీలకి వాడే అనూ ఫాంట్‌లోకి మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు రాలిపోయి 'డ్యూటీ' కాస్తా 'డూటీ' అయింది. అది మా కండక్టర్ నోటికి బాగానే అతికిందనుకోండి. పారితోషికం అడక్కుండానే అకౌంట్లో పడింది. అన్నిటికంటే, మా వీధి మందులషాపు ఆయన కూడా చదివి "ఆ కండక్టరు పార్వతీపురం డిపోయా?" అని అడిగాడు. అది అచ్చుపత్రికకే సాధ్యం. ఐదుకి మూడు.

పోటీలకి ఒకటే. సంక్రాంతికి, ఉగాదికి ప్రకటనలు కోకొల్లలు, ప్రైజు డబ్బు కూడా ఊరిస్తుంది. కానీ కింద చిన్న అక్షరాల్లో ఉన్న నిబంధన చదవండి: బహుమతి రాని కథల్ని సాధారణ ప్రచురణకి తీసుకోవచ్చు, ఈలోపు ఎక్కడికీ పంపకూడదు. ఎన్నాళ్లు? అది రాయరు. జీడిపిక్కల మీద నేను రాసిన కథ అలాగే ఇరుక్కుపోయింది. ఫలితాలొచ్చాయి, ఫొటోలొచ్చాయి, శాలువాలు కప్పారు. నా కథ ఉందో పోయిందో చెప్పిన నాథుడు లేడు. ఫోన్ చేస్తే "పరిశీలనలో ఉందండీ" అన్నారు.

ఆ కథని వెనక్కి తీసుకుని ఈమాటకి పంపాను. ఈమాట 1998 నుంచి నడుస్తున్న వెబ్ పత్రిక. వచ్చిన రచనని సమీక్షకులకి చూపించి, వాళ్ల అభిప్రాయాలు పేర్లు లేకుండా మనకి పంపుతారు. నా కథలో పలాసలో జీడిపిక్కలు వలిచే ముసలామె ఉంది. జీడిరసానికి వేళ్లు కాలి వేలిముద్రలు పడవు, పెన్షన్ ఆగిపోతుంది. ఒక సమీక్షకుడు (లేక సమీక్షకురాలు, తెలీదు) అడిగిన ప్రశ్న: వేలిముద్ర పడకపోతే ఐరిస్ తీస్తారు కదా, మీ కథలో ఎవరూ ఆ మాట ఎత్తరేం? ఇంకొకరు, చివర్లో కొడుకు మాట్లాడేది మాట కాదు ఉపన్యాసం అన్నారు. రెండోదానికి నాకు ఒళ్లు మండింది. మొదటిది మాత్రం వదల్లేదు. మా ఊరి సచివాలయానికి వెళ్లి అడిగితే, మెషిన్ ఉందిగానీ కంట్లో శుక్లాలున్న ముసలివాళ్లకి అదీ ఓ పట్టాన పట్టదని అక్కడి అమ్మాయి చెప్పింది. దాంతో కథకి కొత్త సీను దొరికింది. అది పెట్టాక కొడుకు ఉపన్యాసం దానంతటదే అనవసరమైపోయింది. తర్వాత కామాలూ, గుణింతాలూ దాకా మళ్లీ ఉత్తరాలు నడిచాయి. ఓపిక లేనివాళ్లు అటువైపు వెళ్లకండి. వెబ్ పత్రికల్లో ఎక్కువ వాటిలాగే ఇక్కడా డబ్బు ఆశ పెట్టుకోకూడదు, మా మందులషాపు ఆయన చదవడు. అయినా నాలుగున్నర. నా కథని నాకంటే శ్రద్ధగా చదివినవాళ్లు ఉన్నారని మొదటిసారి అనిపించింది.

ఇంకొకటి కూడా సర్వీసే. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం. ఏ పత్రిక ఎలాంటి కథలు వేసిందో అక్కడ పాత సంచికలు తిరగేస్తే తెలుస్తుంది, వెబ్‌సైట్‌లోనూ వెతుక్కోవచ్చు. పంపేముందు ఓ పూట అక్కడ కూర్చుంటే ఎక్కడికి పంపకూడదో తేలిపోతుంది.

జవాబివ్వని చోటికి పంపాల్సి వస్తే ఇలా చెయ్యండి. మూడు నెలలు చూసి, "ఫలానా కథని వెనక్కి తీసుకుంటున్నాను" అని అదే మెయిల్‌కి రాసి, ఇంకో చోటికి పంపెయ్యండి. ఆ మెయిల్‌ని మాత్రం డిలీట్ చెయ్యకండి. ఏడాది తర్వాత ఆ కథే వాళ్ల పేపర్లో కనబడితే చూపించడానికి పనికొస్తుంది.