650 రూపాయల ఓబీడీ స్కానర్, పాత టర్బో కారు, పాలకొల్లు రైల్వే గేటు

పాలకొల్లులో రైల్వే గేటు పడిందంటే నాకు గుండెల్లో రాయి పడేది. బండి ఆగగానే స్టీరింగ్ సన్నగా వణకడం, అద్దానికి కట్టిన ఆంజనేయస్వామి బిళ్ళ టకటకా కొట్టుకోవడం, ఆర్పీఎం ముల్లు 700 దగ్గర కుదురుగా నిలబడకుండా 600కి దిగి 850కి ఎగరడం, ఏసీ కంప్రెసర్ అందుకున్నప్పుడల్లా ఇంజిన్ ఇక ఆగిపోతుందేమో అన్నంత కుదుపు. వెనక సీట్లోంచి మా అమ్మ "ఏరా, దీనికి చలిజ్వరం తగ్గదా" అనేది. గేటు తీశాక కదిలితే మాత్రం ఏ గొడవా లేదు. చించినాడ వంతెన మీద మూడో గేరులో తొక్కితే ఎప్పటిలాగే దూసుకుపోయేది.

బండి 2011 మోడల్, ఒక యూరప్ కంపెనీ 1.8 లీటర్ టర్బో పెట్రోల్, అంటే పొగ ఒత్తిడితో తిరిగే టర్బో ఇంజిన్‌లోకి అదనంగా గాలి తోసే రకం. 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. హైదరాబాద్‌లో ఉండే మా బావ దగ్గర కొన్నాను కాబట్టి ఎవరికీ గట్టిగా చెప్పుకోవడానికి కూడా లేదు. నేను బడిపంతుల్ని, మెకానిక్‌ని కాదు. ఆయిల్ డిప్‌స్టిక్ ఎక్కడుంటుందో తెలుసు, అంతే. ఇలాంటి పరిస్థితుల్లో ఆన్‌లైన్‌లో 650 రూపాయలు పెట్టి ఒక బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొన్నాను, బండి కంప్యూటర్ పట్టుకున్న లోపాలని ఫోన్‌లో చూపించే చిన్న డబ్బా. దాన్ని ఆరు నెలలు వాడాక రాస్తున్న రివ్యూ ఇది. నాలాంటి కొత్తవాళ్ళకి పనికొస్తుందా అంటే వస్తుంది, కానీ అమ్మేవాళ్ళు చెప్పే పనికి కాదు.

వస్తువు సంగతి త్వరగా చెప్పేస్తాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, నీలం ప్లాస్టిక్, మీద ఈఎల్‌ఎం327 అని స్టిక్కర్. ఈ ధరకి దొరికేవన్నీ ఆ చిప్‌కి నకళ్ళే. డ్రైవర్ కాళ్ళ దగ్గర, డాష్‌బోర్డు కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో గుచ్చాలి. ఫోన్‌లో 1234 కొట్టి జత చేసుకోవాలి. ఈ మామూలు బ్లూటూత్ రకం ఐఫోన్‌కి పనిచేయదు, మా ఆవిడ ఫోన్‌తో గంటసేపు కుస్తీ పట్టాక తెలిసింది. ఐఫోన్ ఉన్నవాళ్ళు వైఫై రకంగానీ బ్లూటూత్ ఎల్ఈ రకంగానీ చూసుకోండి. వెర్షన్ 2.1 అని ఉంటే కొత్తది అనుకుని మురిసిపోకండి, ఆ నకళ్ళలో కొన్ని కమాండ్లు ఎగ్గొడతారు, 1.5 అన్నవే కాస్త నయం. యాప్ ఉచితంగా దొరికేదే సరిపోయింది.

ఇక అసలు కథ. డబ్బా రాకముందే ఇద్దరు మెకానిక్‌ల దగ్గరికి వెళ్ళాను. మొదటాయన బానెట్ ఎత్తి, చెవి పెట్టి వినకుండానే "టర్బో పోయిందండీ" అన్నాడు. లెక్క అరవై వేల పైమాటే. రెండో ఆయన "ఆయ్, ఇంజెక్టర్లండీ, నాలుగూ దింపేద్దాం" అన్నాడు. పోనీ ముందు ప్లగ్గులతో మొదలెట్టమన్నాను. నాలుగు ప్లగ్గులూ మారాయి, 2,400 పోయింది, వణుకు మాత్రం అలాగే ఉంది. పైగా ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ కనెక్టర్ ఊడదీసేటప్పుడు దాని తాళం పెళుక్కున విరిగింది. ఇన్నేళ్ళు ఇంజిన్ వేడికి ఉడికిన ప్లాస్టిక్ కదా, అప్పడంలా అయిపోతుంది. మీరు తీసేటప్పుడు ఇంజిన్ పూర్తిగా చల్లారనిచ్చి, ముందు కనెక్టర్‌ని కాస్త లోపలికి నొక్కి అప్పుడు తాళం ఎత్తండి.

మూడో సలహా ఊళ్ళోవాళ్ళది: ఎలక. మా వైపు కోతలు అయ్యాక చేలల్లో ఎలకలు ఇళ్ళ మీద పడతాయి, వెచ్చగా ఉంటుందని బానెట్ కిందకి దూరతాయి. నిజంగానే చూశాను, ఇన్సులేషన్ కొరికిన గుర్తులు ఉన్నాయి కానీ వైర్లూ గొట్టాలూ బాగానే ఉన్నాయి. నాలుగోది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఈమధ్య బండి దగ్గినా తుమ్మినా ఈ20 అనేస్తున్నారు. దాని సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే అది తప్పని తేల్చింది ఈ డబ్బాయే.

డబ్బా వచ్చిన రోజు నేను చేసిన మొదటి పని పెద్ద తప్పు. అప్పటికే డాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది, యాప్‌లో రెండు కోడ్‌లు కనిపించాయి, పి0171, పి0300. "క్లియర్" అన్న బటన్ చూసి నొక్కేశాను. లైటు ఆరిపోయింది, నేను లాటరీ తగిలినంత ఆనందపడ్డాను. మూడో రోజు గేటు దగ్గర మళ్ళీ వెలిగింది. ఆ బటన్ నొక్కితే కోడ్‌తోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది, అంటే లోపం పట్టుకున్న క్షణంలో ఆర్పీఎం ఎంత, ఇంజిన్ వేడి ఎంత, లోడ్ ఎంత అని కంప్యూటర్ తీసి పెట్టుకున్న ఫోటోలాంటిది. అన్నాళ్ళుగా నేర్చుకున్న పెట్రోలు లెక్కలు కూడా సున్నాకి వచ్చేస్తాయి. రెండోసారి బుద్ధిగా స్క్రీన్‌షాట్ తీశాను: 720 ఆర్పీఎం, కూలెంట్ 88 డిగ్రీలు, వేగం సున్నా. నా గేటు బాధ మొత్తం ఆ ఒక్క స్క్రీన్‌లో ఉంది.

పి0300 అంటే మిస్సింగ్, అదే పెట్రోలు సరిగా అంటుకోకపోవడం, ఏ ఒక్క సిలిండర్‌లోనో కాక అక్కడా ఇక్కడా వస్తోందని. ఒక కాయిల్ పోయి ఉంటే 0301 నుంచి 0304 లోపు, ఆ సిలిండర్ నంబరుతోనే వచ్చేది. అప్పుడైతే ఆ కాయిల్ తీసి పక్కదాంట్లో పెట్టి, మిస్సింగ్ కాయిల్ వెంట వెళ్ళిందా లేదా చూస్తే సరిపోయేది, ఖర్చు లేని పరీక్ష. నాకు ఆ అదృష్టం లేదు. పి0171 అంటే మిశ్రమం పలచనైంది, గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. యాప్ మాత్రం దీని కింద "ఆక్సిజన్ సెన్సర్ మార్చండి" అని రాసింది. మెకానిక్ కూడా అదే మాట అన్నాడు. పాపం ఆ సెన్సర్ చేసిన తప్పల్లా నిజం చెప్పడమే.

కోడ్‌లు చూసి ఊరుకుంటే ఈ 650 దండగ అని నేననేది అందుకే. డబ్బు వసూలయ్యేది లైవ్ డేటాలో. అందులో రెండు అంకెలు చూడండి, షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. లోపలికి వెళ్ళే గాలిని ఎయిర్‌ఫ్లో సెన్సర్ లెక్కపెడుతుంది, దానికి తగ్గ పెట్రోలు కంప్యూటర్ కొడుతుంది, పొగగొట్టంలో సెన్సర్ చూసి చాలలేదంటే ఇంకాస్త కలుపుతుంది. ఆ కలిపింది ఎన్ని శాతమో చెప్పేదే ట్రిమ్. షార్ట్ టర్మ్ ఆ క్షణానిది, లాంగ్ టర్మ్ కంప్యూటర్ అలవాటు చేసుకున్నది. సున్నాకి అటూ ఇటూ అయిదు దాకా ఉంటే దిగుల్లేదు. నా బండిలో ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, లాంగ్ టర్మ్ +21. యాక్సిలరేటర్ మీద కాలు అదిమి 2500 ఆర్పీఎం దగ్గర ఒక నిమిషం పట్టుకుంటే +3.

ఈ రెండు అంకెల తేడాలోనే జబ్బు దొరికింది. సెన్సర్ లెక్కపెట్టాక, దారిలో ఎక్కడో చిల్లు ఉండి దొంగ గాలి దూరుతోంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే సెకనుకి రెండు మూడు గ్రాములు, అందులో కాస్త దొంగ గాలి కలిసినా పెద్ద వాటా. 2500 దగ్గర గాలి ఎన్నో రెట్లు, అదే చిల్లు లెక్కలోకి రాదు. రొయ్యల చెరువు ఉప్పునీరు పంట బోదెలోకి ఊరితే చేను చచ్చిపోతుంది, అదే నీరు నరసాపురం కాలువలో కలిస్తే రుచి కూడా తెలియదు, అలాగన్నమాట. ఈ20 కారణమైతే? ఇథనాల్ కలిసిన పెట్రోలుకి గాలి తక్కువ చాలు, కాబట్టి పాత బండి ట్రిమ్‌లు కొన్ని శాతం పెరుగుతాయి, నిజమే, కానీ అది ఐడ్లింగ్‌లోనూ 2500లోనూ కనిపించాలి. ఒక్క ఐడ్లింగ్‌లోనే 21 ఎక్కదు. పెట్రోలు పంపు నీరసించినా ఫిల్టర్ పూడుకుపోయినా సంగతి తలకిందులు, గట్టిగా తొక్కినప్పుడు పలచనవ్వాలి.

టర్బో మీద అనుమానం కూడా అప్పుడే పోయింది. ఐడ్లింగ్‌లో పొగ ఒత్తిడి చాలక టర్బో ఊరికే తిరుగుతూ ఉంటుంది, పని చేయదు. రోడ్డు మీద లాగుడు తగ్గకుండా గేటు దగ్గర మాత్రమే వణికితే టర్బోని ఎలా తప్పుపడతాం? కానీ టర్బో బండిలో ఒక తిరకాసు ఉంది, నాకు అర్థం కావడానికి రెండు రాత్రులు పట్టింది. థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) దాటాక ఉండే మానిఫోల్డ్‌లో (సిలిండర్లకి గాలి పంచే గొట్టంలో) ఐడ్లింగ్‌లో పీలుడు ఉంటుంది, తొక్కినప్పుడు టర్బో తోసే గాలితో ఒత్తిడి ఉంటుంది. అక్కడ చిల్లు పడితే ఆగినప్పుడు లోపలికి పీలుస్తుంది, తొక్కినప్పుడు బయటికి ఊదుతుంది. టర్బోకీ థ్రాటిల్‌కీ మధ్య పైపులో అయితే ఆగినప్పుడు దాదాపు ఏమీ తెలియదు, తొక్కితే లెక్కపెట్టిన గాలి బయటికి పోయి లాగుడు తగ్గుతుంది, నల్లపొగ కూడా రావచ్చు. కాబట్టి నేను వెతకాల్సింది పెద్ద టర్బో హోసులు కాదు, మానిఫోల్డ్ వైపు.

చిల్లు ఎక్కడుందో పట్టడానికి వీడియోల్లో మంటంటుకునే కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టి, ఇంజిన్ శబ్దం మారితే అక్కడే అని చూపిస్తారు. వేడి టర్బో పక్కన ఆ సాహసం నేను చేయలేదు, మీరూ చేయకండి. ఇస్త్రీ బట్టల మీద చల్లుకునే నీళ్ళ స్ప్రే పట్టుకుని, వైర్లకీ కాయిల్స్‌కీ తగలకుండా గొట్టాల అతుకుల మీద మాత్రం కొద్దికొద్దిగా కొట్టాను. ఏ అతుకు దగ్గరా ఇంజిన్ శబ్దం మారలేదు. ఓ ఆదివారం పొద్దున్న మా వీధిలో పంపుసెట్లూ బైకులూ బాగుచేసే కుర్రాడు వచ్చాడు. "మాస్టారూ, ఆ ఈల ఏంటండీ" అన్నాడు. నేను అన్నాళ్ళూ దాన్ని బెల్టు శబ్దం అనుకున్నాను. ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తిప్పబోయాడు, ఎవరో లోపల్నుంచి పట్టుకున్నట్టు బిగుసుకుంది. ఇంజిన్ పైన పీసీవీ అని నల్ల ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, క్రాంక్‌కేసులో పుట్టే ఆవిర్లని మళ్ళీ ఇంజిన్‌కే తాగించేది, దాని మూత మీద గుండుసూది తలంత రంధ్రం. కుర్రాడు దాని మీద వేలు పెట్టాడు. ఈల టక్కున ఆగింది. ఫోన్‌లో షార్ట్ టర్మ్ అంకె నా కళ్ళ ముందే కిందకి జారింది. వేలు తీశాడు, ఈల వచ్చింది, అంకె ఎక్కింది. నాలుగైదు సార్లు ఊరికే చేసి చూసుకున్నాం, చిన్నపిల్లల్లా.

లోపలి రబ్బరు పొర చిరిగి, ఆ రంధ్రంలోంచి బయటి గాలి నేరుగా మానిఫోల్డ్‌లోకి పోతోంది, అదీ సంగతి. కొత్త ముక్క ఆన్‌లైన్‌లో 5,800 పడింది, నాలుగు రోజుల్లో వచ్చింది. బోల్టు తలలు నక్షత్రం ఆకారంలో ఉంటాయి, టీ30 బిట్ కావాలి, అది మా ఊళ్ళో లేక భీమవరం వెళ్ళి 120కి తెచ్చుకున్నాను. అలెన్ కీతో ప్రయత్నించి తలలు అరగదీసుకోకండి. ప్లాస్టిక్ కాబట్టి ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా చేత్తోనే బిగించాలి. అరగంట పని. ఈసారి కోడ్‌లు దర్జాగా చెరిపేశాను. వారం తిరిగాక ఐడ్లింగ్‌లో లాంగ్ టర్మ్ +2, ముల్లు 700 దగ్గర మేకు కొట్టినట్టు ఉంది.

ఇప్పుడు డబ్బా లోపాలు. లైవ్ డేటాలో ఒకేసారి నాలుగు రకాల కంటే ఎక్కువ పెడితే నత్తనడక, వేగంగా మారే వాటిని పట్టుకోలేదు. టైమింగ్ చెయిన్ ఎంత సాగింది లాంటివి కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌కే చెబుతుంది బండి, దీనికి చెప్పదు. ఇలాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే కొడతారు కాబట్టి ఇన్‌టేక్ వాల్వులు కడగబడక మసి పేరుకుంటుంది. పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేసినప్పుడే మిస్సింగ్ వచ్చి వేడెక్కాక తగ్గుతుంటే అది అనుమానించాలి, కానీ ఆ మసిని ఈ స్కానర్ చూపించలేదు, కెమెరా దూర్చి చూడాల్సిందే. రాత్రంతా సాకెట్‌లో వదిలేస్తే బ్యాటరీ తాగుతుంది, నాకు ఒకసారి తోపుడు తప్పలేదు. ఇంకో మాట, చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే మెల్లగా ఇంటికి వెళ్ళొచ్చు, మిణుకు మిణుకుమంటూ బండి వణుకుతుంటే పక్కకి ఆపేయండి. కాలని పెట్రోలు వెళ్ళి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, దాని ఖరీదు ముందు టర్బో చవకనిపించవచ్చు.

అయిదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తీసేసింది ఆ "సెన్సర్ మార్చండి" సలహాకి.

మొన్న రాజోలు నుంచి మా పెదనాన్న వచ్చి, తన డీజిల్ బండికి కూడా చూస్తానని డబ్బా పట్టుకెళ్ళాడు. రాత్రి ఫోన్ చేసి "ఒరే, నీ ట్రిమ్‌లేవీ కనపడట్లేదు, పాడైన డబ్బా ఇచ్చావా" అన్నాడు. డీజిల్‌కి ఆ అంకెలు ఉండవు పెదనాన్నా అంటే నమ్మట్లేదు. ఇంకా తిరిగివ్వలేదు.