ఆటోమేక్ డెప్‌కాంప్ సమీక్ష: హెడర్ మారితే ఏ ఫైళ్లు మళ్లీ కంపైల్ కావాలి?

చాలా సోర్స్ ఫైళ్లు కలిసి వాడుకునే ప్రకటనల ఫైలు, అంటే ఒక హెడర్‌లో స్ట్రక్ట్‌కి కొత్త ఫీల్డ్ చేర్చారు. దాన్ని ఇన్‌క్లూడ్ చేసే పది ఫైళ్లలో తొమ్మిదే మళ్లీ కంపైల్ అయ్యాయి. సీ భాషలో, కంపైలైన ముక్కల్ని కలిపే లింకర్ నోరెత్తదు. ప్రోగ్రామ్ మాత్రం సంబంధం లేని చోటెక్కడో కూలుతుంది. కంపైల్ ఆదేశాలు నడిపే ‘మేక్’ అనే పనిముట్టుకు కావాల్సిన మేక్‌ఫైళ్లను ఆటోమేక్ తయారుచేస్తుంది. దానితో వచ్చే డెప్‌కాంప్ అనే షెల్ స్క్రిప్ట్ ఉన్నది దీన్ని ఆపడానికే: ఏ ఫైలు ఏ హెడర్ల మీద ఆధారపడుతుందో కంపైలర్ నుంచి జాబితా తీసి మేక్‌కి అందిస్తుంది.

జీసీసీ, క్లాంగ్ కంపైలర్లు మాత్రమే వాడే ఆటోటూల్స్ (ఆటోమేక్ ఉన్న గ్నూ బిల్డ్ పనిముట్లు) ప్రాజెక్టులో దీన్ని మార్చాల్సిన అవసరం నాకు కనిపించలేదు. ఏఐఎక్స్, హెచ్‌పీ-యూఎక్స్ లాంటి పాత యునిక్స్ కంపైలర్లు కూడా కావాలంటే ఇంతకన్నా మంచిది చూడలేదు. మైక్రోసాఫ్ట్ కంపైలర్ సీఎల్ మీదే ఎక్కువ పని ఉంటే మాత్రం మేక్ లాంటి మరో బిల్డ్ పనిముట్టు నింజాకు మారడం మేలు.

దీని అసలు బలం, బిల్డ్‌కి ముందు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్ట్ చేసే పరీక్షలో ఉంది. అది కంపైలర్ పేరు చూసి నమ్మేయదు. చిన్న సోర్స్ ఫైలు, కొన్ని హెడర్లు తనే రాసుకుని, ఒక్కో పద్ధతిలో కంపైల్ చేసి, వచ్చిన జాబితాలో ఆ హెడర్లు ఉన్నాయో లేదో చూస్తుంది. నెగ్గిన పద్ధతి పేరు ‘డిపెండెన్సీ స్టైల్’ అనే వరుసలో కనిపిస్తుంది. జీసీసీకీ క్లాంగ్‌కీ అక్కడ ‘జీసీసీ3’ అని రావాలి. ‘నన్’ అని వస్తే ట్రాకింగ్ లేనట్టే, అయినా బిల్డ్ మామూలుగా సాగిపోతుంది. అందుకే ఆ వరుసను చూడకుండా ముందుకు వెళ్లొద్దు. కంపైల్ చేస్తూనే జాబితా ఇవ్వలేని కంపైలర్లకు, హెడర్లను సోర్స్‌లోకి చేర్చే ప్రీప్రాసెసర్‌ను విడిగా నడిపే నెమ్మది పద్ధతులున్నాయి. --ఎనేబుల్-డిపెండెన్సీ-ట్రాకింగ్ అని అడిగితేనే వాటి జోలికి వెళ్తుంది.

జీసీసీ3 పద్ధతిలో -ఎంటీ, -ఎండీ, -ఎంపీ, -ఎంఎఫ్ అనే నాలుగు ఫ్లాగులు కంపైల్ ఆదేశానికే చేరతాయి. జాబితా ముందు .డెప్స్ ఫోల్డర్‌లో .టీపీఓ ఫైలుగా పడుతుంది. కంపైల్ విజయవంతమయ్యాకే దాని పేరు .పీఓగా మారుతుంది. మధ్యలో కంట్రోల్-సీ కొట్టినా సగం రాసిన జాబితా మేక్ చేతికి చిక్కదు. చేత్తో రాసుకున్న మేక్‌ఫైళ్లలో చాలామంది వదిలేసేది ఈ జాగ్రత్తనే. మొదటి బిల్డ్‌లో ఎలాగూ అన్నీ కంపైల్ కావాలి కాబట్టి అప్పటికి ఖాళీ .పీఓలు చాలు.

-ఎంపీ ఒక్కో హెడర్‌కీ ఖాళీ టార్గెట్ రాస్తుంది. అది లేకపోతే ఏదైనా హెడర్‌ను తొలగించిన మరుక్షణం ‘నో రూల్ టు మేక్ టార్గెట్’ అంటూ మేక్ ఆగిపోతుంది. ఇక -ఎంఎండీ కాకుండా -ఎండీ వాడడం వల్ల సిస్టమ్ హెడర్లూ జాబితాలోకి వస్తాయి. జీసీసీ వెర్షన్ మార్చగానే జీసీసీతోనే వచ్చే పాత స్టడ్‌డెఫ్ హెడర్ దారి మాయమై, దాన్ని వాడిన ఫైళ్లన్నీ మళ్లీ కంపైల్ అవుతాయి. కొందరికి ఇది విసుగు. నాకైతే ఇదే సరైన ప్రవర్తన.

మిగతా కంపైలర్లు ఒక్కోటి ఒక్కో దారి. ఏఐఎక్స్ కంపైలర్ ఎక్స్‌ఎల్‌సీ -ఎం ఇస్తే .యూ ఫైలు రాస్తుంది, ఎస్‌జీఐ కంపైలర్‌కి -ఎండీఅప్‌డేట్, హెచ్‌పీకి +మేక్‌డీ. వీటన్నిటినీ ఒకే .పీఓ రూపంలోకి మార్చే చాకిరీ డెప్‌కాంప్‌ది. సీఎల్ దగ్గరే చిక్కు. అది /షోఇన్‌క్లూడ్స్ ఇస్తే హెడర్ల పేర్లను తెరమీద అచ్చువేస్తుంది, వాటి ముందుండే ‘నోట్: ఇన్‌క్లూడింగ్ ఫైల్’ అనే మాట విజువల్ స్టూడియో భాషను బట్టి మారుతుంది. స్క్రిప్ట్ వెతికేది ఇంగ్లీషు మాటనే. ఇంగ్లీషు ప్యాక్ ఉంటే వీఎస్‌ల్యాంగ్ వేరియబుల్‌కి 1033 ఇస్తే సర్దుకుంటుంది. నింజాలో డెప్స్ విలువకు ఎంఎస్‌వీసీ అని పెట్టి, ఆ ముందుమాటనూ మనమే ఇవ్వొచ్చు. పైగా ఫ్లాగులు మారినా నింజా మళ్లీ కంపైల్ చేస్తుంది. ఆటోమేక్ రాసే మేక్‌ఫైలు ఆ పని చేయదు.

ఇప్పుడు ఉచ్చుల సంగతి. స్టైల్‌ను కాన్ఫిగర్ దశలోనే ఖాయం చేస్తుంది కాబట్టి తర్వాత మేక్‌కి సీసీ (కంపైలర్ పేరుండే వేరియబుల్) మార్చి ఇవ్వొద్దు. కంపైలర్‌కో బిల్డ్ డైరెక్టరీ పెట్టుకుని, ఒక్కోదాంట్లో విడిగా కాన్ఫిగర్ నడపాలి. .డెప్స్‌ను చేత్తో తీసేసి, కంపైల్ చేస్తే వచ్చిన ఆబ్జెక్ట్ ఫైళ్లను ఉంచితే మరీ ప్రమాదం: కొత్త .పీఓలు ఖాళీగా పుడతాయి, పాత ఆబ్జెక్టులు తాజాగానే కనిపిస్తాయి, హెడర్ మార్పులు ఎవరికీ పట్టవు. రెండూ కలిపి తీసేయాలి. సన్నటి కంటైనర్లలో మేక్ ఇన్‌స్టాల్ చేయకుండా కాన్ఫిగర్ నడిపితే ఆటోమేక్ 1.16 నుంచి ‘సంథింగ్ వెంట్ రాంగ్ బూట్‌స్ట్రాపింగ్’ అనే ఎర్రర్ వస్తుంది. ముందు గ్నూ మేక్ ఉందో లేదో చూడండి.

బిల్డ్‌లోనే పుట్టే హెడర్ల విషయంలో మొదటిసారి జాబితా ఖాళీ కాబట్టి మేక్‌కి వరుస తెలియదు. ఆటోమేక్ వేరియబుల్ బిల్ట్_సోర్సెస్‌లో వాటిని రాయాలి. అయితే అది ఆల్, చెక్, ఇన్‌స్టాల్ లాంటి టార్గెట్లకే వర్తిస్తుంది. ఒకే ప్రోగ్రామ్ పేరిచ్చి మేక్ నడిపితే హెడర్ లేదనే ఎర్రరే. ఆబ్జెక్ట్ ఫైలు ఆ హెడర్ మీద ఆధారపడుతుందని నేరుగా ఒక రూల్ రాయడం గట్టి పద్ధతి.

ఏ జాబితా పద్ధతికీ అందని లోపం ఇంకోటుంది. ఇన్‌క్లూడ్ దారుల్లో ముందున్న డైరెక్టరీలో అదే పేరుతో కొత్త హెడర్ పెడితే, పాత జాబితాలో అది లేదు కాబట్టి ఏదీ మళ్లీ కంపైల్ కాదు. ఆ మార్పు చేసినప్పుడు మేక్ క్లీన్ తప్పదు.

ట్రాకింగ్ పనిచేస్తోందో లేదో చూడడానికి పూర్తి బిల్డ్ అయ్యాక టచ్ ఆదేశంతో ఒక హెడర్ తేదీ మార్చి, ఏం నడపాలో చూపి ఊరుకునే మేక్ -ఎన్ ఇవ్వండి. దాన్ని వాడే ఫైళ్లన్నీ, అవి మాత్రమే రావాలి. ప్యాకేజీ కోసం ఒక్కసారే కంపైల్ చేస్తుంటే --డిసేబుల్-డిపెండెన్సీ-ట్రాకింగ్ ఇస్తే చాలు. ఫెడోరా, డెబియన్ ప్యాకేజింగ్ పనిముట్లు చేసేదీ అదే.

హెడర్లకు బదులుగా వాడగల సీ++20 మాడ్యూల్స్‌కి మాత్రం దీన్ని ఆశించొద్దు. ఏ ఫైలు ముందు కంపైల్ కావాలో అక్కడ మొదటి బిల్డ్‌కి ముందే తెలియాలి, కంపైల్ చేస్తూ నేర్చుకునే వీలుండదు. బిల్డ్ ఫైళ్లు రాసే మరో పనిముట్టు సీమేక్ 3.28నీ నింజానీ కలిపి వాడితే ఆ స్కానింగ్ దశ విడిగా జరుగుతుంది.