మాల్దీవుల పర్యాటకం: రిసార్టు మేలా, అతిథి గృహం మేలా?

పర్యాటకం వల్ల ఒక ప్రాంతం ఎంత బాగుపడిందో తెలుసుకోవాలంటే ఎంతమంది వచ్చారన్నదాని కంటే వారు ఖర్చుపెట్టిన డబ్బు ఎవరికి చేరిందన్నదే ముందు చూడాలి. మాల్దీవుల్లో రెండు పద్ధతులు పక్కపక్క దీవుల్లోనే నడుస్తున్నాయి కాబట్టి ఈ పోలికకు అంతకంటే మంచి చోటు దొరకదు.

మొదటిది 1972లో కురుంబా అనే తొలి రిసార్టుతో మొదలైన రిసార్టు పద్ధతి. ప్రభుత్వం జనావాసం లేని దీవిని ఒక సంస్థకు లీజుకిస్తుంది. కరెంటు, మంచినీరు, చెత్త తొలగింపు సహా అన్నీ ఆ సంస్థే చూసుకుంటుంది. లీజు అద్దెలు, పన్నులు ఖజానాను నింపాయి. 2011లో మాల్దీవులు ఐక్యరాజ్యసమితి అత్యల్పాభివృద్ధి దేశాల జాబితా నుంచి బయటపడటంలో ఈ ఆదాయం పాత్ర చాలా పెద్దది. అయితే విమానాశ్రయంలో దిగి, సీప్లేన్ (నీటిపై దిగే చిన్న విమానం) ఎక్కి నేరుగా రిసార్టుకు వెళ్లే అతిథి, స్థానికులు నివసించే ఒక్క ఊరిలో కూడా కాలుపెట్టకుండానే తిరిగి వెళ్లిపోవచ్చు. సరుకుల్లో అధిక భాగం దిగుమతి, సిబ్బందిలో చాలామంది విదేశీయులు. ఉద్యోగం దొరికిన స్థానికుడు కూడా కుటుంబాన్ని వదిలి నెలల తరబడి అక్కడే ఉండాలి. స్త్రీలు ఈ కొలువులకు దూరంగా ఉండటానికి అదొక ముఖ్య కారణం.

2009 తర్వాత నిబంధనలు సడలించి, జనం ఉండే దీవుల్లోనూ అతిథి గృహాలకు అనుమతి ఇవ్వడంతో రెండో దారి తెరుచుకుంది. మాఫుషి వంటి దీవిలో పడవ దిగిన అతిథి ఊరి వీధిలోనే నడుస్తాడు, ఊరి దుకాణంలోనే కొంటాడు, పగడపు దిబ్బలు చూడటానికి ఊరివాడి పడవనే కుదుర్చుకుంటాడు. రిసార్టు ఉద్యోగానికి వెళ్లలేని గృహిణి కూడా ఇల్లు విడవకుండానే ఇక్కడ సంపాదించుకోగలదు. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే.

దీని భారం కూడా ఊరే మోయాలి. చిన్న దీవిలో భూగర్భజలం తక్కువ, చెత్త పారవేయడానికి చోటు ఇంకా తక్కువ. ప్రభుత్వానికి వచ్చేదీ తక్కువే: 2025 జనవరి నుంచి హరిత పన్ను (పర్యావరణం కోసం పర్యాటకుల నుంచి వసూలు చేసేది) రిసార్టు అతిథికి రోజుకు 12 డాలర్లయితే, చిన్న అతిథి గృహంలో 6 డాలర్లే. ఆపద సమయంలోనూ రిసార్టుకే అనుకూలం. కోవిడ్ వల్ల మూసిన సరిహద్దులను 2020 జూలైలో దేశం తెరిచినప్పుడు ముందుగా రిసార్టులకే అనుమతి దక్కింది, అతిథి గృహాలు అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది.

దేశానికి విదేశీ మారకం కావాలంటే రిసార్టే మేలు, అందులో సందేహం లేదు. ప్రాంతం ఎదగాలంటే మాత్రం నా ఓటు అతిథి గృహానికే, కానీ గదుల సంఖ్యకు ఆ దీవి నీటినీ చెత్త నిర్వహణనూ బట్టి పరిమితి పెట్టాలి. రాజధానికి దూరంగా, పడవ సౌకర్యం సరిగా లేని దీవుల సంగతి వేరు. అక్కడికి చిన్న అతిథి గృహం తనంతట తాను అతిథులను రప్పించలేదు. కాబట్టి ముందు నమ్మకమైన ఫెర్రీ నడపాలి, అది కుదిరేదాకా పక్క దీవిలోని రిసార్టు ఇచ్చే ఉద్యోగాలే వారికి ఆధారం.