కంజి చదువులు: యాప్ మన జవాబును ఎలా దిద్దితే మేలు?

మా చెల్లెలు ఈ మధ్యే జపనీస్ మొదలుపెట్టింది. డిసెంబరులో జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో అన్నిటికంటే తేలికైన స్థాయి ఎన్‌5 రాయాలని పట్టుదల. ఒక రాత్రి ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి, "అక్కా, ఇది తప్పెలా అవుతుంది?" అంది. తెరమీద రెండు కంజి అక్షరాలున్నాయి, అంటే చైనా నుంచి జపనీస్‌లోకి వచ్చిన బొమ్మలాంటి అక్షరాలు. వాటి చదువు, అంటే వాటిని పలికే తీరు, టైప్ చేయాలి. మొదటిది 'ఒకటి', రెండోది 'రోజు'. తను 'ఇచినిచి' అని టైప్ చేసింది. యాప్ ఎర్రరంగులో తప్పు చూపించి, సరైన జవాబు 'త్సుఇతచి' అని చెప్పింది.

చెల్లెలి జవాబు తప్పు కాదు. ఆ రెండక్షరాలే 'ఒక రోజంతా' అన్న అర్థంలో ఇచినిచి, 'ఒకటో తేదీ' అన్న అర్థంలో త్సుఇతచి. ఏ అర్థంలో అడుగుతున్నదో ప్రశ్నలో లేదు. ఇలాంటి యాప్‌లలో ఒప్పు చెప్పినకొద్దీ కార్డు ఎక్కువ రోజుల తర్వాత వస్తుంది, తప్పితే మళ్ళీ త్వరగా వస్తుంది. అలా ఆ కార్డు మళ్ళీ మొదటి మెట్టుకు వెళ్ళిపోయింది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. తనకు బాగా వచ్చిన ఇచినిచి మీద కూడా అనుమానం పుట్టింది. యాప్ దిద్దే పద్ధతి మీద ఇంత రాయడానికి కారణం అదే.

కంజికి ఇన్ని చదువులెందుకో తెలుగువాళ్ళకు తేలిగ్గానే అర్థమవుతుంది. మనకు 'నీరు' ఉంది, సంస్కృతం నుంచి వచ్చిన 'జలం' ఉంది. విడిగా అయితే నీరు అంటాం, జలాశయం దగ్గరికొచ్చేసరికి జలం అంటాం. ఈ రెంటికీ కలిపి ఒకే బొమ్మలాంటి అక్షరం ఉందనుకోండి. జపనీస్‌లో నీటి కంజి సరిగ్గా అలాంటిది. విడిగా ఉంటే 'మిజు', అది వాళ్ళ సొంత మాట. బుధవారం అనే పదంలో 'సుఇయోబి' అవుతుంది, అందులోని 'సుఇ' చైనా నుంచి వచ్చింది. సొంత చదువును కున్‌యొమి అంటారు, చైనా నుంచి వచ్చినదాన్ని ఒన్‌యొమి అంటారు. నీరు సులువైన ఉదాహరణ. 'బతుకు, పుట్టుక' అర్థాలిచ్చే కంజికి రోజువారీ వాడకానికి జపాన్ ప్రభుత్వం ప్రకటించిన జోయో పట్టికలోనే 12 చదువులున్నాయి. విద్యార్థి అంటే గకుసే, జీవితకాలం అంటే ఇష్షో, పచ్చిది అంటే నమ, బతకడం అంటే ఇకిరు, పుట్టడం అంటే ఉమరెరు. వీటన్నిటిలోనూ ఆ ఒక్క అక్షరమే ఉంటుంది. 2010లో సవరించిన ఆ పట్టికలో మొత్తం 2136 కంజులున్నాయి.

ఇలాంటి అక్షరాన్ని ఒంటరిగా చూపించి 'చదువు' అంటే ఏం చదవాలి? యాప్‌లు దీన్ని నాలుగైదు రకాలుగా ఎదుర్కొంటాయి.

మొదటిది, మార్కులు మనమే వేసుకోవడం. అంకి అనే కార్డుల యాప్ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. జవాబు మనసులో అనుకుని, కార్డు తిప్పి, 'ఎగైన్, హార్డ్, గుడ్, ఈజీ' అనే నాలుగు బటన్లలో ఒకటి నొక్కాలి. యంత్రం మనతో వాదించదు. ఇచినిచి అనుకున్నా, రెండో అర్థం గుర్తొచ్చినా న్యాయం మన చేతిలోనే ఉంటుంది. టైపింగ్ లేదు కాబట్టి వేగమూ ఎక్కువ. చిక్కు ఏమిటంటే, జవాబు కళ్ళబడిన మరుక్షణం 'ఇది నాకు తెలుసు కదా' అనిపిస్తుంది. రాత్రి పదకొండింటికి, ఇంకా అరవై కార్డులు మిగిలి ఉన్నప్పుడు, ఆ అనిపించడం మరీ బలంగా ఉంటుంది. క్యూ వరస అనే అర్థమున్న 'గ్యోరెత్సు'ను నేను నెలల తరబడి 'కోరెత్సు' అనుకుంటూనే గుడ్ నొక్కాను. అందులో మొదటిది వెళ్ళడం అనే అర్థమున్న కంజి. అది బ్యాంకు అనే పదంలో 'గింకో' అవుతుంది, అక్కడ దాని చదువు 'కో'. క్యూ వరస అనే పదంలో అదే 'గ్యో'. నా బుర్ర గింకో దగ్గరే ఆగిపోయింది, నన్ను ఆపేవాళ్ళు ఎవరూ లేరు. ఇంకో మాట కూడా చెప్పాలి. మర్చిపోయినప్పుడు చాలామంది హార్డ్ నొక్కుతారు. అంకి లెక్కలో హార్డ్ అంటే పాస్ అయినట్టే. మర్చిపోతే నొక్కాల్సింది ఎగైన్.

రెండోది, టైప్ చేయించి ఒకే ఒక జవాబును ఒప్పుకోవడం. మా చెల్లెలి యాప్ ఇదే పద్ధతి. మనల్ని మనం మోసం చేసుకునే వీలు ఇందులో లేదు, అది నిజంగా గొప్ప గుణం. ఒంటరి కంజి మీద మాత్రం ఇది అన్యాయం చేస్తుంది.

మూడోది దానికి పూర్తిగా వ్యతిరేకం. నిఘంటువులో ఉన్న ఏ చదువు కొట్టినా పాస్. వినడానికి దయగానే ఉంటుంది, నా దృష్టిలో మాత్రం అన్నిటికంటే చెడ్డ పద్ధతి ఇదే. బతుకు కంజికి 'నమ' ఒక్కటే వచ్చినవాడు ప్రతిసారీ నమ కొట్టి గట్టెక్కుతాడు. ఆ కార్డు వారాల నుంచి నెలల దూరం జరుగుతుంది. గకుసే ఎదురైన రోజున అతని దగ్గర ఏమీ ఉండదు. తప్పుగా 'తప్పు' అన్నందుకు పోయేది ఒక రోజు, కొంచెం ధైర్యం. తప్పుగా 'ఒప్పు' అన్నందుకు పోయేది నెలలు. పైగా పోతున్నట్టు మనకు తెలియదు.

నాలుగోది వనికని అనే కంజి యాప్ పద్ధతి. అది ఒన్‌యొమి కోరుతున్నప్పుడు మనం కున్‌యొమి కొడితే తప్పు వేయదు. జవాబు పెట్టె అటూ ఇటూ ఊగుతుంది, మనకు కావలసిన చదువు ఇది కాదు, ఇంకోటి ఆలోచించు అంటుంది. తెలిసినదాన్ని తెలిసినట్టుగా గుర్తించి, అడిగినదాన్ని మళ్ళీ అడగడం మంచి మాస్టారు చేసే పని. ఇందులో చిన్న లోపం లేకపోలేదు. చదువులు రెండే ఉన్న కంజికి ఆ ఊపు సగం జవాబు చెప్పేసినట్టే. మిజు కొట్టాక ఊగితే మిగిలింది సుఇ ఒక్కటే. అయినా ఒంటరి కంజి అడిగేటప్పుడు ఇంతకంటే న్యాయమైన దారి నాకు కనిపించలేదు.

నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనే యాప్‌ల గురించి ఎక్కువ చెప్పను. పరీక్ష ముందు వారం అలవాటుకు పనికొస్తాయి. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు.

అసలు చూడాల్సింది ప్రశ్న ఎలా ఉందన్నది. జేఎల్‌పీటీలో కంజి చదువు అడిగేటప్పుడు వాక్యం ఇచ్చి, అందులో ఒక పదం కింద గీత గీస్తారు. జపాన్‌వాళ్ళే రాసే కంజి పరీక్ష, కంజి కెంతేలో కూడా వాక్యంలో గీత గీసిన పదానికి చదువును హిరగానా అనే ధ్వని అక్షరాల్లో రాయమంటారు. వాక్యం ఉంటే త్సుఇతచా ఇచినిచా అన్న టెన్షన్ ఉండదు. పదం మొత్తంగా అడిగినప్పుడు, వాక్యం తోడున్నప్పుడు, యాప్ ఎంత కఠినంగా దిద్దినా నాకు అభ్యంతరం లేదు. అక్కడ ఊపులూ అక్కర్లేదు. గకుసేకి 'గకుషో' అని కొడితే, షో ఆ కంజికి ఉన్న చదువే అయినా, అలాంటి పదం లేదు. తప్పు అనే చెప్పాలి. చేయి, కాగితం అనే కంజులు కలిస్తే ఉత్తరం, అది 'తెగమి' అవుతుంది, 'తెకమి' కాదు. ఇదీ తప్పే.

పదానికే రెండు చదువులు చెల్లుబాటైతే రెండూ ఒప్పుకోవాలి. జపాన్ పేరునే నిహొన్ అనీ, నిప్పొన్ అనీ అంటారు. ఒకే విషయం రెండుసార్లు రావడం అనే పదాన్ని పాతకాలంవాళ్ళు చోఫుకు అంటే, ఇప్పుడు చాలామంది జూఫుకు అంటున్నారు, నిఘంటువుల్లో రెండూ ఉన్నాయి. 'నేను' అనే కంజి సంగతి ఇంకా విచిత్రం. 1981 నాటి జోయో పట్టికలో దానికి 'వతకుషి' ఒక్కటే సొంత చదువు. అందరూ అనే 'వతషి' చేరింది 2010లోనే. జనం నోట ఉన్న మాట పట్టికలోకి రావడానికి అంతకాలం పట్టింది. యాప్ తయారుచేసేవాళ్ళు ఒక్క పట్టికను పట్టుకుని కూర్చోకూడదనడానికి నాకు ఇది చాలు.

ఒక్కచోట మాత్రం దయ వద్దంటాను. దీర్ఘాలు, ఒత్తులు. 'ఒజిసన్' అంటే బాబాయో మామయ్యో, 'ఒజీసన్' అంటే తాతయ్య. 'యుకి' మంచు, 'యూకి' ధైర్యం. 'కితె' అంటే 'వచ్చి', 'కిత్తె' అంటే తపాలా బిళ్ళ. ఇంగ్లీషు అర్థాలు టైప్ చేయించేటప్పుడు ఒకటీ అరా స్పెల్లింగ్ తప్పును యాప్‌లు క్షమిస్తాయి. అదే కొలత చదువుకు పెట్టకూడదు, ఎందుకంటే ఇక్కడ ఒక్క అక్షరం తేడాతో తాత బాబాయి అవుతాడు. పడు వేరు, పాడు వేరు, కల వేరు, కల్ల వేరు అని పుట్టినప్పటి నుంచి వింటున్నవాళ్ళం. ఈ తేడా పట్టుకునే చెవి మనకు ఉంది. యాప్ వదిలేస్తే ఆ చెవి మొద్దుబారుతుంది.

వేలు జారడం వేరే విషయం. 'కిన్‌ఎన్' అంటే పొగ తాగరాదు. ఇంగ్లీషు అక్షరాలతో టైప్ చేసేటప్పుడు మధ్యలో 'ఎన్' రెండుసార్లు కొట్టాలి. ఒకసారే కొడితే 'కినెన్' అవుతుంది, దానికి జ్ఞాపకార్థం అని అర్థం. మనిషికి పదం తెలుసు, కీబోర్డు అలవాటు కాలేదంతే. దీన్ని సరిచేసుకునే అవకాశం ఉండాలి. అలాగని ప్రతి తప్పునూ వెనక్కి తీసుకునే బటన్ ఇస్తే మళ్ళీ మొదటి పద్ధతిలోకి జారిపోతాం. ఎంటర్ నొక్కేముందు మనం కొట్టింది హిరగానాలో పెద్దగా కనిపించాలి. తప్పు వేశాక 'ఇక్కడ దీర్ఘం పోయింది', 'ఈ చదువు ఉంది గానీ ఈ పదంలో కాదు' అని ఏ రకం తప్పో చెప్పాలి. ఉత్త ఎర్రరంగు ఏమీ నేర్పదు.

చెల్లెలికి ఆ రాత్రే అంకిలో కొత్త కార్డులు చేసిచ్చాను. ఒంటరి కంజి ఒక్కటీ లేదు, అన్నీ పదాలూ చిన్న వాక్యాలే. టైప్ చేసే ఏర్పాటు కూడా పెట్టాను, తన మార్కులు తనే వేసుకున్నా ముందు రాసింది కళ్ళెదుట ఉంటుందని. నిన్న 'ఏప్రిల్ ఒకటి' వచ్చింది. తను 'యొన్‌గత్సు త్సుఇతచి' అని కొట్టింది. నాలుగుకు 'యొన్' అనే చదువు ఉన్నా, నెల పేరులో అది 'షిగత్సు'. కార్డు తిప్పి చూసుకుని, "ఇది మాత్రం నాదే తప్పులే అక్కా" అంటూ ఎగైన్ నొక్కింది.